రోడ్డు దిగినంక మొదలైన కొట్లాట: సుందరయ్య యాదిల

మొన్న సెప్టెంబర్ 17 నాడు మా నిడమనూరు సెంటర్ల చాయ్ తాగుతుంటె ఒక తమ్ముడు ఫోన్ల రీల్ చూపెట్టిండు. పటాలం వచ్చింది, ట్యాంకులు వచ్చినయ్, 5 రోజులల్ల నిజాం లొంగిండు, కథ కంచికి. ఎనకకెల్లి సినిమా మ్యూజిక్ ఒకటి. అర నిమిషంల తెలంగాణ చరిత్ర ఒడిసింది. తమ్ముడు ఫోన్ జేబుల పెట్టుకొని, అన్నా 5 రోజులల్లనే అంతా అయిపోతే మన దిక్కు ఊర్లల్ల మిలిట్రీ ఏండ్లకేండ్లు క్యాంపులేసి ఎందుకు కూసున్నదని మా తాత చెప్తడు, అబద్ధమా నిజమా అని అడిగిండు.

నిజమే తమ్మీ. తాతది నిజం, రీల్‌ది సగం నిజం. చాయ్ చల్లారేలోపల చెప్పే ముచ్చట కాదని ఆనాడు ఊకున్న. ఇప్పుడు రాస్తున్న. ఇది చెప్పాలంటే ఒక మనిషి బతుకు చెప్పాలె. ఆయన మన జిల్లాల పుట్టినోడు కాదు, నెల్లూరోడు. పుచ్చలపల్లి సుందరయ్య.

ముందుగాల ఆ 5 రోజుల లెక్క చూద్దాం. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం నిజాం రాజ్యంల అడుగుపెట్టింది. పెద్ద దాడి షోలాపూర్ దిక్కుకెల్లి, మన తూర్పు దాడి బెజవాడ దిక్కుకెల్లి. పొద్దుగాల ఎనిమిదిన్నరకే కోదాడ చేతికొచ్చింది. పగటీలికి మునగాల. తెల్లారి విమానాలు బాంబులేసినంక గూర్ఖా పటాలం సూర్యాపేటల దిగింది. నిజాం ఫౌజు ఎనకకు పోవుకుంట మూసీ మీది వంతెన పేల్చింది. దాంతోని పటాలం కొంచెం ఆగింది, మల్ల నార్కట్‌పల్లి దిక్కు సాగింది. 17 నాడు పొద్దుమూకంగ నిజాం చేతులెత్తిండు. దండెత్తి వచ్చిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరే మిలిట్రీ గవర్నర్‌గ కూసున్నడు.

అది ఒక ఫౌజు ఇంకో ఫౌజుతోని చేసిన యుద్ధం. ఇద్దరికీ వర్దీ ఉంది, ఇద్దరికీ తోపులున్నయ్, ఇద్దరూ ఒకటే రోడ్డు మీద నిలబడ్డరు. బెజవాడ–హైదరాబాద్ రోడ్డు ఎవల చేతిల ఉంటె గెలుపు వాళ్లది. మరి ఆ రోడ్డు దిగి బండ్లబాట పట్టి, వాగు దాటి, ఆముదం చేన్ల పొంటి ఊర్లకు పోయినంక అదే పటాలానికి 3 ఏండ్లు పట్టింది. చేతిల ఉన్న తుపాకులు అవే, సిపాయిలు కూడా అట్లాంటోళ్లే.

నేను పదో తరగతి కాడ బడి ఇడిసిపెట్టిన. మిర్యాలగూడల ఒక రైస్‌మిల్లుల బస్తాలు మోసేటప్పుడు యూనియన్ ఆఫీసు మూలకు అట్ట లేని ఒక లావు పుస్తకం దొరికింది. మొదటి పేజీలు ఎలుకలు కొరికినయ్. రాసినోడెవరో తెల్వకుండనే చదువుడు మొదలువెట్టిన. నడుమ మా దిక్కు ఊర్ల పేర్లు తగిలినయ్. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల ముచ్చట్లు. బడిల చదివిన ఏ పుస్తకంల మా ఊర్ల పేర్లు అట్ల కనిపియ్యలే. అది సుందరయ్య రాసిన వీర తెలంగాణ విప్లవ పోరాటం అని ఎన్నడో తర్వాత తెలిసింది. నేను చదువుకున్నదంతా ఆ పుస్తకం తర్వాతనే.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడుల పుట్టిండు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. భూములున్న ఇల్లు, కూలోళ్లు ముంగిట్ల చేతులు కట్టుకొని నిలబడే ఇల్లు. ఆరేండ్లకే తండ్రి పోయిండు. మద్రాసు లయోలా కాలేజీల చదువుతుంటె 1930ల ఉప్పు సత్యాగ్రహం వచ్చింది, పుస్తకాలు పక్కకువెట్టి దునికిండు. పదిహేడేండ్ల పిలగాడు, జైలుకు పోయిండు. తర్వాత అమీర్ హైదర్ ఖాన్ అనే కమ్యూనిస్టు నాయకుడు కలిసి ఆయన తొవ్వ మార్చిండు. సొంతూర్లె తన ఇంట్ల పనిచేసే కూలోళ్లనే సంఘం పెట్టి కూడగట్టిండు. పేరు ఎనక రెడ్డి తోక తీసేసిండు, వాటాకు వచ్చిన ఆస్తి పార్టీకి ఇచ్చేసిండు. 1943ల లీలను పెండ్లి చేసుకున్నడు. పిల్లలుంటె పనికి అడ్డమని ఇద్దరూ అనుకొని, ఆపరేషన్ ఆయనే చేయించుకున్నడు. 80 ఏండ్ల కిందటి మాట ఇది. ఇయ్యాల మన ఊర్లల్ల ఆ ఆపరేషన్ అంటె ఆడోళ్లదే అన్నట్టు చూస్తం, మొగోళ్లు మొకం తిప్పుకుంటరు. సరే, ఆ ముచ్చట ఇంకోపారి.

ఆయన పెరిగిన జాగ కోస్తా. చదునైన వరి పొలాలు. మరి మన దిక్కు అప్పుడెట్లుండె? నిడమనూరు అంటె ఇయ్యాల సాగర్ ఎడమ కాల్వ, రెండు కార్లు వరి, కోత మిషన్లు. అప్పుడు సాగర్ లేదు, కాల్వ లేదు. జొన్న, సజ్జ, ఆముదం. తంగేడు, తుమ్మ. పరుపు బండలు, గుట్టలు, ఎండకాలం ఎండి వానకాలం పొర్లే వాగులు. మనుషులు పలిగిన కాళ్లతోని నడిచే తొవ్వలు. ఆ భూమంతా దొరలది. సూర్యాపేట తాలూకా ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు. జనగామ దిక్కు విసునూరు రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలు. వెట్టి, నాగులు, దండుగలు. ఆంధ్ర మహాసభను జనం సంఘం అన్నరు. సంఘపోళ్లు వెట్టి బంద్ పెట్టిచ్చిండ్రు. 1946 జూలై 4న కడివెండిల దొర గూండాలు కాల్చితే దొడ్డి కొమురయ్య సచ్చిపోయిండు. అదే ఏడు పాతసూర్యాపేట, బాలెంల, మల్లారెడ్డిగూడెంల జనం ఒడిసెల రాళ్లు పట్టుకొని నిజాం పోలీసులకు, ఫౌజుకు ఎదురు నిలబడ్డరు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఆయుధాలు పట్టుమని పిలుపిచ్చిండ్రు. పిలుపిచ్చినోళ్లల్ల ఒకాయన ముస్లిం, ఉర్దూ కవి. దీన్ని హిందూ–ముస్లిం లొల్లిగ చూపెట్టే రీల్సు చూసేటప్పుడు ఈ పేరు యాది పెట్టుకో చెల్లె.

అప్పుడు ఆంధ్ర దిక్కు పార్టీ నాయకుడు సుందరయ్య. తుపాకులు, పైసలు, దళాలకు శిక్షణ అటుకెల్లి రావాలె. మునగాల పరగణా ఈ పనికి మస్తు అక్కరకొచ్చింది. సుట్టూ నిజాం నల్లగొండ జిల్లా, నడుమ మునగాల మాత్రం కృష్ణా జిల్లాది, అంటె ఇంగ్లీషోళ్ల మద్రాసు రాజ్యంది. సముద్రంల దీవి తీరు. ఒక రాజ్యం పోలీసు ఎంటవడితె నాలుగు అడుగులేసి ఇంకో రాజ్యంల పడొచ్చు. మ్యాపుల అది ఒక వంకర గీత. ఆ గీత ఏ చేను గట్టు మీద పోతదో గొర్లు కాసే పిలగానికి ఎర్క, పటాలం ఆఫీసరుకు ఎర్కలేదు.

1948ల సుందరయ్య అజ్ఞాతంలకు పోయిండు, మల్ల 1952ల బయటికొచ్చిండు. ఆ నడుమ తెలంగాణ అడవులల్ల దళాలతోని తిరిగిండు, వాళ్లు తిన్నది తిన్నడు, వాళ్లు పన్నకాడ పన్నడు. ఆ పుస్తకం చదివినప్పుడల్ల నాకు ఒకటి తగులుతది. మన గుట్టలకు, అడవులకు ఆయన సుత కొత్తోడే. యాస వేరు, తిండి వేరు. ఊర్లకు వచ్చిన సిపాయి ఎంత కొత్తోడో ఆయనా అంత కొత్తోడే. మరి ఆయనకు తొవ్వ ఎట్ల దొరికింది, సిపాయికి ఎందుకు దొరకలే? ముందు నడిచినోడు ఉన్నడు గనక దొరికింది. ఒక ఊరోడు ఇంకో ఊరి దాక తోలుకపోయి అప్పజెప్తడు, వాడు ఆ పక్క ఊరికి. వాగుల నీళ్లు ఎంత లోతున్నయో, ఏ బండ సాటుకు మంట పెడితె పొగ కనవడదో, ఏ ఇంటి కుక్క మొరుగుతదో చెప్పేటోళ్లు ఉన్నరు. దున్నుకున్న భూమి నిలబెట్టుకోవాలని వాళ్లు ఆ పని చేసిండ్రు.

మా నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల, మేకలు కాసేది. గుట్ట కింద సిపాయిలు ఆపి, ఎవలన్న అటు పోయిండ్రా అని సైగలతోని అడిగేటోళ్లట. వాళ్ల భాష ఈమెకు రాదు, ఈమె మాట వాళ్లకు రాదు. ఏం అడిగినా ఎర్కలేదు అన్న ఒక్క మాట పట్టుకున్నదట. పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు ఎక్కువ కట్టుకపోయి ఏ బండ మీద పెట్టి వచ్చిందో ఆమెకు బరాబర్ ఎర్కే. ఎవల కోసమో తెల్వదట, తల్లి పెట్టి రమ్మంటె పెట్టి వచ్చేదట. సచ్చిపోయేదాక ఆ ముచ్చట చెప్పి నవ్వేది.

ఈడనే పటాలం చిక్కువడ్డది. ఫౌజుకు శత్రువు కనవడాలె, కనవడితేనే కాలుస్తది. దళం పగలు నాగలి పట్టుకొని ఉంటది, రాత్రి భర్మారు పట్టుకుంటది. ఫౌజుకు తిండి లారీలల్ల రావాలె, లారీకి రోడ్డు కావాలె, రోడ్డు తవ్వితె లారీ ఆగుతది. దళానికి ప్రతి ఇంట్ల పొయ్యి ఉంది. ఫౌజు ఊర్లెకు వచ్చినప్పుడు ఊరు దానిది, పోయినంక మల్ల దళానిది. అన్ని ఊర్లల్ల అన్ని రాత్రులు కూసోవాలంటె ఏ రాజ్యానికీ అంతమంది సిపాయిలుండరు. సుందరయ్య లెక్క ప్రకారం పోరాటం మంచి ఊపు మీద ఉన్నప్పుడు 3,000 ఊర్లల్ల సంఘం రాజ్యం నడిచింది. 10 లక్షల ఎకరాలు పంచిండ్రు. ఊరి దళాలల్ల 10 వేల మంది, గెరిల్లా దళాలల్ల 2 వేల మంది. ఊరి దళపోళ్లకు చానామందికి ఒడిసెల, రోకలి, కారంపొడే ఆయుధాలు.

వేరే జాగలల్ల సుత ఇదే కథ. అల్లూరి సీతారామరాజును సినిమాల చూసిండ్రు గదా. 1922 సెప్టెంబర్‌ల దామనపల్లి ఘాట్ కాడ ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లను ఆయన మనుషులు మాటుగాసి చంపిండ్రు. మైదానం పోలీసులతోని మన్యం కొండలెక్కుడు కాదని తెల్లోనికి తెలిసి, ఆఖరుకు కొండలు ఎక్కుడు అలవాటున్న అస్సాం రైఫిల్స్‌ను తెచ్చుకున్నడు. గట్ల తెచ్చినంకనే 1924 మే 7న రాజు చిక్కిండు. వియత్నాంల అమెరికా దగ్గర లేని ఆయుధం లేదు, 1973ల మూటాముల్లె సర్దుకొని పోయింది.

అయితే తమ్మీ, గెరిల్లా ఎన్నటికీ ఓడడు అని నేను చెప్తలేను. అట్ల చెప్పి పోరగాళ్లను ఉసికొల్పే రాతలు నాకు నచ్చయ్. సుందరయ్య పుస్తకం నాకు నచ్చింది కూడ అందుకే. ఏడ దెబ్బతిన్నరో ఆయన దాచలే.

పటాలం వచ్చిన కొత్తల జనం దండలేసిండ్రు. రజాకార్ల పీడ పోయింది గదా, ఎందుకు వెయ్యరు? దళపోళ్లు సుత బహిరంగంగ తిరిగిండ్రు, ఎవలు దళంల ఉన్నరో ఊరందరికీ తెలిసింది. ఆ సంబురం ఎనకనే, పట్నాలకు పారిపోయిన దొరలు తిరిగి వచ్చిండ్రు. నిన్న నిజాంకు సలాం కొట్టినోడు నెత్తి మీద గాంధీ టోపీ పెట్టుకొని మిలిట్రీ జీపుల దిగిండు. ఊర్ల తొవ్వలు తెల్వని పటాలానికి తొవ్వ చూపెట్టింది వాళ్లే. ఈ ఇల్లు సంఘపోనిది, ఆ గుట్ట ఎనక గుహ ఉంది, వీని తమ్ముడు దళంల ఉన్నడు అని వేలు పెట్టి చూపెట్టిండ్రు. పటేలు, పట్వారీ దగ్గర ఇంటింటి లెక్క ఉండె. సిపాయికి లేని కండ్లు దొర ఇచ్చిండు. పంచిన భూములు గుంజుకునుడు మొదలైంది. తెల్లారకముందే ఊరును సుట్టుముట్టి మొగోళ్లందర్నీ బొడ్రాయి కాడ కూసోవెట్టేటోళ్లు.

మైదానంల నిలబడుడు కష్టమైంది. దళాలు చిన్నగ చీలి కొన్ని కృష్ణ ఒడ్డుకు నల్లమల దిక్కు, కొన్ని గోదావరి అడవులకు పోయినయ్. మన సూర్యాపేట తాలూకా కరివిరాల బిడ్డ మల్లు స్వరాజ్యం గోదావరి అడవులల్ల రాజక్క పేరుతోని తిరిగింది అప్పుడే. ఆమె తలకు 10 వేల రూపాయల వెల కట్టిండ్రు. కానీ అడవిల మన దళాలే కొత్తోళ్లు. జొన్న చేన్ల పెరిగినోనికి పులి తిరిగే అడవి, మన్యం జరం, కోయ భాష అన్నీ కొత్తనే. మల్ల మొదటికెల్లి ముందు నడిచే మనిషిని దొరకవట్టుకోవాలె. కోయలు దొరికిండ్రు, అన్నం పెట్టిండ్రు, తొవ్వ చూపెట్టిండ్రు.

అప్పుడు సర్కారు ఏం చేసింది? దళాన్ని పట్టుకోలేక గూడేలనే ఎత్తేసింది. అడవి లోపలి కోయ గూడేలు ఖాళీ చేయించి, రోడ్ల పక్కకు తెచ్చి క్యాంపులల్ల పెట్టింది. అంబలి లేదు, మందులు లేవు, జబ్బులకు మంది రాలిపోయిండ్రు. అదే రోజులల్ల మలయాల ఇంగ్లీషోళ్లు బ్రిగ్స్ ప్లాన్ అని 5 లక్షల దాక మనుషుల్ని అడవి అంచులకెల్లి లేపి ముళ్లకంచెల నడుమ పెట్టిండ్రు. 1962ల వియత్నాంల అమెరికోడు సుత అదే చేసిండు. తొవ్వ చూపెట్టే మనుషుల్ని తీసేస్తె దళం సుత పరాయిదైతదని ఆ ఆఫీసర్లందరికీ బాగనే అర్థమైంది. అందుకే ఏడన్న అడవిబిడ్డల్ని వాళ్ల మంచికే అని క్యాంపులకు తరలిస్తున్నరని వార్త చదివితె నాకు గోదావరి పొంటి గూడేలు యాదికొస్తయ్.

లోపల పార్టీల సుత పంచాది నడిచింది. రజాకార్లు పోయినంక కొట్లాట ఆపాలె అన్నోళ్లల్ల రావి నారాయణరెడ్డి ఒకరు. సాగాలె, లేకుంటె రైతు చేతికొచ్చిన భూమి పోతది అన్నోళ్లల్ల సుందరయ్య ఉన్నడు. 1951 మొదట్ల నలుగురు నాయకులు, మన తెలుగోళ్లు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, ఇంక డాంగే, అజయ్ ఘోష్, దొంగచాటుగ మాస్కో పోయి స్టాలిన్‌ను అడిగి వచ్చిండ్రు. మన ఊరి పొలం పంచాది గంత దూరం పోయిందంటె నాకు ఇప్పటికీ నవ్వొస్తది, బాధ సుత అయితది. ఆఖరుకు 1951 అక్టోబర్‌ల పోరాటం ఇరమించిండ్రు. 4 వేల మంది సచ్చిండ్రని, 10 వేల మంది మూడు నాలుగేండ్లు జైళ్లల్ల ఉన్నరని ఆయన లెక్క రాసిండు.

ఎవలది ఒప్పు? నేను చానాసార్లు సోంచాయించిన. పటాలంతోని కొట్లాడితె గెలువమని రావి నారాయణరెడ్డికి కనవడ్డది, అది తప్పు కాదు. కానీ ఆ 3 ఏండ్ల మొండితనం లేకుంటె 1949ల జాగీర్లు రద్దయ్యేటియా, 1950ల కౌలుదారీ చట్టం వచ్చేదా? 1951 ఏప్రిల్‌ల వినోబా పోచంపల్లి దాక నడుచుకుంట వచ్చేటోడా? నాకైతె అనుమానమే. మూడూ మన కొట్లాట ముంగటనే జరిగినయ్. ఆ కౌలు కాయితం మీద పట్టా ఎక్కిన కుటుంబాలు మా సుట్టుపక్కల ఇంక ఉన్నయ్. మరి 4 వేల ప్రాణాలకు అది సరితూగుతదా అని అడిగితె నా దగ్గర తక్కెడ లేదు.

పోరాటం ఆగిన మరుసటేడే ఎన్నికలు. 1952ల రావి నారాయణరెడ్డి నల్లగొండల నెహ్రూ కన్నా ఎక్కువ మెజారిటీతోని గెలిచిండు. పటాలానికి ఎర్కలేదు అన్న జనం ఓటు పెట్టె కాడ నోరు తెరిచిండ్రు. సుందరయ్య రాజ్యసభకు పోయిండు. నాలుగేండ్లు పోలీసులు ఎతికిన మనిషి ఢిల్లీల సైకిల్ మీద పార్లమెంటుకు పోయేటోడు. 1955ల గన్నవరం ఎమ్మెల్యే అయిండు. 1964ల పార్టీ చీలితె సీపీఎంకు మొదటి ప్రధాన కార్యదర్శి అయిండు. ఆ రాజకీయాలు ఇంకో కథ, నాకు అందుల మెచ్చుకునేది ఉంది, కొట్లాడేది ఉంది.

1972ల ఆయన ఆ పుస్తకం రాసిండు. దళాల రిపోర్టులు, కరపత్రాలు, తన యాదికున్నది ముందటేసుకొని ఊరూరి లెక్క కట్టిండు. ఏ ఊర్ల ఎన్ని ఎకరాలు పంచిండ్రు, ఏ వాగు కాడ ఎవలు సచ్చిండ్రు, ఎవలు లొంగిపోయి పట్టిచ్చిండ్రు. పేజీలకు పేజీలు మనుషుల పేర్లే. చాకలి, గొల్ల, లంబాడ, మాదిగ, గౌడ్ల ఇండ్ల పేర్లు. 1985 మే 19న మద్రాసుల కన్ను మూసిండు. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిల ఆయన పేరు మీద ఒక విజ్ఞాన కేంద్రం ఉంది, పాత పుస్తకాలు చదువుకోవాలంటె పొయ్యి కూసోవచ్చు.

నా అట్ట లేని పుస్తకం ఇంక నా దగ్గరనే ఉంది. చాయ్ కాడ అడిగిన తమ్మునికి పోయిన వారం ఇచ్చిన. ఫోన్ పక్కకు పెట్టి రెండు రోజులు చదివిండట. నిన్న వచ్చి, మన పక్క ఊరి పేరు దొరికింది అన్నా అని పేజీ మడిచి చూపెట్టిండు. సచ్చిపోయినోళ్ల జాబితల వాళ్ల తాత ఇంటి పేరు ఉంది. ఆ మనిషి ఎవలో తాతను అడుగుతా అన్నడు. తాతకు ఇప్పుడు చెవులు సరిగ వినరావు, జర తొందరగ అడుగు అని చెప్పిన.